పాప కళ్ళ పరీక్షకు ముందు ఇంట్లో వేయమన్న అట్రోపిన్ మందు: ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

నరసరావుపేట తల్లి:

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగేళ్ళు నిండాయి. బొమ్మల పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూసేటప్పుడు ఎడమ కన్ను ముక్కు వైపుకు తిరుగుతున్నట్లు అనిపించి, నిన్న కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అట్రోపిన్ 1 శాతం ఆయింట్‌మెంటు రాసి, ఉదయం, రాత్రి చొప్పున మూడు రోజులు రెండు కళ్ళలోనూ పెట్టి, నాలుగో రోజు కళ్ళద్దాల పరీక్షకు రమ్మన్నారు. మా ఊళ్ళో మందుల షాపులో ఆయింట్‌మెంటు లేదని, అదే మందు, అదే శాతం అని చెప్పి చుక్కల సీసా ఇచ్చారు.

రాత్రి పాప గింజుకుంటూ ఉంటే చుక్క చెంప మీదికి జారిపోయింది. లోపలికి వెళ్ళిందో లేదో తెలియక ఒక్కో కంట్లో రెండో చుక్క, మూడో చుక్క కూడా వేశాను. అరగంటకల్లా పాప ముఖం ఎర్రబడింది, ఒళ్ళు వేడెక్కింది, నోరు ఎండిపోతోందని మాటిమాటికీ నీళ్ళు అడిగింది. మా అత్తయ్య గారు భయపడి ఇక ఆ మందు వేయవద్దంటున్నారు. తెల్లవారేసరికి జ్వరం లేదు, పాప ఆడుకుంటోంది, కానీ రెండు కనుపాపలూ నల్లగుడ్డు అంచు వరకు పెద్దవై ఉన్నాయి. ఈ ఉదయం మందు వేయాలా, మానాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కంటి పరీక్షకుడు, తిరుపతి:

అమ్మా, నేను పద్దెనిమిదేళ్ళుగా పిల్లల కళ్ళ పరీక్ష చేస్తున్న ఆప్టోమెట్రిస్టును. ముందుగా ఈ ఉదయపు మందు వేయకండి. మీ ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆయింట్‌మెంటుకు బదులు చుక్కలు వేసినట్లు, ఎన్ని చుక్కలు వేశారో, తరువాత ఏ లక్షణాలు కనిపించాయో అన్నీ చెప్పండి. కొనసాగించాలా, మోతాదు తగ్గించాలా, వేరే మందుకు మారాలా అన్నది మీ డాక్టరు గారే తేల్చాలి. ఈలోగా పాప పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నట్లు చేతులు చాపినా, నడకలో తూలినా, గుండె దడదడలాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, చాలాసేపు మూత్రం పోయకపోయినా ఫోన్ కోసం ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి, సీసా కూడా చేతిలో పట్టుకుని వెళ్ళండి. ఇవన్నీ అట్రోపిన్ రక్తంలో ఎక్కువగా కలిసినప్పటి లక్షణాలు. రాత్రి మీరు చూసిన ఎరుపు, వేడి, నోరు ఎండడం వాటిలో మొదటి మెట్టు. చెమట పట్టకుండా చేయడం ఈ మందు గుణం కాబట్టి ఒంట్లోని వేడి బయటికి పోదు. ఎండాకాలంలో ఈ విషయం మరింత గుర్తుంచుకోవాలి, పాపను చల్లని చోట ఉంచి నీళ్ళు బాగా తాగించండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక శాతం మందు అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. సీసా నుంచి పడే ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు ఉంటుంది, అంటే ఒక్క చుక్కలోనే సుమారు అర మిల్లీగ్రాము అట్రోపిన్ ఉంటుంది. పిల్లల గుండె వేగం పడిపోయినప్పుడు డాక్టర్లు ఇదే మందును ఇంజెక్షనుగా ఇచ్చేటప్పుడు కిలో బరువుకు 0.02 మిల్లీగ్రాము చొప్పున లెక్కగడతారు. పదిహేను కిలోల పాపకు ఆ లెక్కన 0.3 మిల్లీగ్రాము వస్తుంది. రెండు కళ్ళకూ ఒక్కొక్క చుక్క వేస్తేనే ఒక మిల్లీగ్రాము అవుతుందంటే, మూడేసి చుక్కల సంగతి మీరే గ్రహించగలరు. అదృష్టవశాత్తూ వేసినదంతా రక్తంలోకి పోదు, చాలా భాగం చెంప మీదికి కారిపోతుంది. కానీ కన్ను పట్టలేక మిగిలిన మందులో కొంత, కంటి మూలనున్న సన్నని రంధ్రం గుండా ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. చుక్కలు వేసిన కాసేపటికి గొంతులో చేదు తగలడం చాలామందికి అనుభవమే, అది ఈ దారి వల్లనే.

అందుకే చిన్నపిల్లలకు ఆయింట్‌మెంటు రాస్తారు. అది కంట్లో నిలిచి మెల్లగా కరుగుతుంది, ముక్కులోకి జారేది తక్కువ. శాతం ఒకటే అయినా చుక్కలూ ఆయింట్‌మెంటూ ఒకటి కావు.

వరంగల్ ఫార్మసిస్టు (విశ్రాంత):

ఆ షాపులో జరిగింది పొరపాటేనని మా వృత్తి తరఫున ఒప్పుకోవలసిందే. డాక్టరు రాసిన రూపం మార్చేటప్పుడు ఆయనను అడగకుండా ఇవ్వకూడదు. అమ్మా, మరో ముఖ్యమైన మాట, ఆ 5 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 50 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఉంటుంది. పసిపిల్లలెవరైనా నోట్లో పెట్టుకుని పీల్చితే ప్రాణం మీదికి వస్తుంది. సీసాను పిల్లలకు అందని ఎత్తులో, వీలైతే తాళం వేసే బీరువాలో పెట్టండి. పాప చూస్తూ ఉండగా టీవీ పక్కన, కిటికీ గూట్లో పెట్టడం మన ఇళ్ళలో చాలా మామూలు. దయచేసి ఆ అలవాటు మానండి.

నరసరావుపేట తల్లి:

వెంటనే స్పందించినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఈ రోజు మందు ఆపి, రేపటి నుంచి ఆయింట్‌మెంటే తెప్పించి మొదలుపెట్టమన్నారు, పరీక్ష రెండు రోజులు వెనక్కి జరిపారు. ఆయింట్‌మెంటు గుంటూరు నుంచి వస్తోంది. ఎలా పెట్టాలో కాస్త వివరంగా చెప్పగలరా? అసలు పాపకు ఇంత బలమైన మందు ఎందుకు? నాకు కళ్ళద్దాలు రాసినప్పుడు ఒకసారి చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టారంతే.

కంటి పరీక్షకుడు, తిరుపతి:

మంచి ప్రశ్న. పెద్దవారికి సాధారణంగా వేసేది ట్రోపికమైడ్. ఇరవై ముప్పై నిమిషాల్లో కనుపాప విప్పారుతుంది, నాలుగు నుంచి ఆరు గంటల్లో చాలావరకు సర్దుకుంటుంది. మనలాంటి నల్లని కళ్ళవారికి ఆ రంగు పదార్థమే మందును పట్టి ఉంచుతుంది కాబట్టి విప్పారడం ఆలస్యం, తిరిగి రావడమూ ఆలస్యం. మన ఆసుపత్రుల్లో తరచుగా ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్కలు వాడతారు. మొదటిది కనుపాపను ముడిచే కండరాన్ని సడలిస్తుంది, రెండోది విప్పే కండరాన్ని లాగుతుంది, అందువల్ల కంటి వెనుక పొర స్పష్టంగా కనిపిస్తుంది.

పిల్లల విషయంలో మనకు కావలసింది కనుపాప విప్పారడం ఒక్కటే కాదు. దగ్గరి వస్తువులను చూసేటప్పుడు కంటిలోని కటకాన్ని ఉబ్బించే కండరం పిల్లల్లో మహా చురుకుగా పనిచేస్తుంది. కన్ను లోపలికి తిరిగే పిల్లల్లో చాలామందికి ప్లస్ నంబరు ఉంటుంది, దానిని ఈ కండరం తన బలంతో కప్పిపుచ్చుతుంది. ఆ శ్రమ వల్లనే కన్ను ముక్కు వైపు తిరుగుతుంది. ఆ కండరాన్ని పూర్తిగా నిద్రపుచ్చితే తప్ప అసలు నంబరు బయటపడదు. ఆ పనికి అట్రోపిన్‌ను మించినది లేదు. కొందరు పిల్లలకు సైక్లోపెంటోలేట్ సరిపోతుంది. అది ఆసుపత్రిలోనే వేస్తారు, ముక్కాలు గంటలో పనిచేసి ఒక రోజులో దిగిపోతుంది, కాకపోతే దానితోనూ కొందరు పిల్లలు మగతగా ఉండడం, కొద్దిసేపు అర్థంలేని మాటలు మాట్లాడడం నేను చూశాను. ఎవరి పిల్లలకైనా మూర్ఛ, గుండె జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉంటే ఈ మందులు వేయక ముందే చెప్పాలి.

ఇక పెట్టే పద్ధతి. చేతులు సబ్బుతో కడుక్కోండి. పాపను మీ మోకాళ్ళ మీద తల పెట్టించి పడుకోబెట్టండి, మరొకరు చేతులు పట్టుకుంటే మేలు. కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలాంటి చోటు కనిపిస్తుంది. అందులో బియ్యపు గింజంత ఆయింట్‌మెంటు చాలు. ట్యూబు మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. కళ్ళు మూయించి, ముక్కు పక్కన కంటి మూలను, ఎర్రటి చిన్న కండ ఉండేచోట, మీ చూపుడువేలి మెత్తని కొసతో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి. ముక్కులోకి దిగే దారి అక్కడే మూసుకుంటుంది. చుక్కలు వేసేవారికి కూడా ఇదే పద్ధతి, ఆ రెండు నిమిషాలే అసలైన రక్షణ. ఒకవేళ మందు చెంప మీద పడితే దూదితో తుడిచేయండి, అంతే తప్ప అందాజుగా మళ్ళీ వేయవద్దు. చివరగా మీ చేతులూ, పాప చేతులూ కడగండి. పరీక్ష రోజు ఉదయం మాత్రం పెట్టకండి, ఆ జిడ్డు పొర అడ్డుపడి మాకు లోపల సరిగా కనిపించదు.

గుడివాడ కొడుకు:

ఈ చర్చను ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కూడా చదువుతుంటారని మా అమ్మ గారి అనుభవం రాస్తున్నాను. ఆమెకు అరవై రెండేళ్ళు, చిన్నప్పటి నుంచీ ప్లస్ నంబరు అద్దాలు వాడతారు. రెండేళ్ళ క్రితం ఒక ఉచిత కంటి శిబిరంలో మధ్యాహ్నం చుక్కలు వేసి, వెనుక పొర చూసి, శుక్లాలు మొదలయ్యాయని చెప్పి పంపారు. సాయంత్రం వరకు బాగానే ఉన్నారు. రాత్రి తొమ్మిది దాటాక కుడి వైపు తల పగిలిపోతున్నట్లు నొప్పి, ఆపకుండా వాంతులు. లైటు చుట్టూ ఇంద్రధనుస్సులాంటి వలయాలు కనిపిస్తున్నాయని ఆమె రెండుసార్లు అన్నారు, నేను పట్టించుకోలేదు. గ్యాస్ అనుకుని పక్క వీధిలోని వైద్యుడి దగ్గర ఇంజెక్షను చేయించి పడుకోబెట్టాము. తెల్లవారి చూస్తే కన్ను నిప్పులా ఎర్రగా ఉంది, చూపు మసకబారింది. విజయవాడ కంటి ఆసుపత్రిలో కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగిందని చెప్పి మందులతో తగ్గించి, తరువాత రెండు కళ్ళకూ లేజరుతో చిన్న రంధ్రాలు చేశారు. చూపు నిలిచింది కానీ పూర్వపు స్పష్టత రాలేదు. ఆ రాత్రి ఎనిమిది గంటలు నేను పోగొట్టాను. ఈ నొప్పి చుక్కలు వేసిన గంటల తరువాత కూడా రావచ్చని మాకెవరూ చెప్పలేదు.

కంటి పరీక్షకుడు, తిరుపతి:

అయ్యా, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. వాంతులు, తలనొప్పి ముందుకు రావడంతో కంటి సంగతి వెనుకబడిపోవడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. దీనిని కోణం మూసుకుపోవడం అంటారు. కంటి ముందు గదిలోని నీరు బయటికి పోయే సందు పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారిలో, కనుపాప సగం విప్పారిన స్థితిలో నల్లగుడ్డు ముడత, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు పొర, ఆ సందుకు అడ్డుపడుతుంది. మందు దిగిపోతూ కనుపాప తిరిగి చిన్నదవుతున్న సమయంలో ఆ సగం స్థితి వస్తుంది కాబట్టే పగలు వేసిన చుక్కల ప్రభావం రాత్రి బయటపడవచ్చు. ప్లస్ నంబరు ఉన్నవారిలో, నడివయసు దాటిన స్త్రీలలో, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నీటికాసుల (గ్లకోమా) జబ్బు వచ్చినవారిలో అవకాశం ఎక్కువ. మేము చుక్కలు వేసే ముందు చెవి వైపు నుంచి టార్చి వేసి చూస్తాము. నల్లగుడ్డు అంతా వెలిగితే సందు విశాలంగా ఉందని, ముక్కు వైపు సగం నీడలో ఉండిపోతే ఇరుకుగా ఉండవచ్చని తెలుస్తుంది. అనుమానం ఉంటే యంత్రం మీద కోణాన్ని నేరుగా చూసి, అవసరమైతే ముందు లేజరు చేసి, తరువాతనే చుక్కలు వేస్తారు.

అలాగని ఎవరూ చుక్కలకు భయపడి పరీక్ష మానుకోవద్దు. ఇలా జరగడం అరుదు. నీటికాసులు అని పేరున్న ప్రతి ఒక్కరికీ చుక్కలు నిషేధం కాదు, కోణం తెరిచి ఉన్న రకం ఉన్నవారికి మేము తరచూ వేస్తూనే ఉంటాము. మీకు ఏ రకమో డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోండి.

చక్కెరవ్యాధి ఇరవై ఏళ్ళు, హైదరాబాద్:

నేను ఏడాదికి ఒకసారి చుక్కలు వేయించుకుని కంటి వెనుక పొర చూపించుకుంటాను. చూపు బాగానే ఉంది కదా అని ఆరేళ్ళు నిర్లక్ష్యం చేశాను. చివరికి ఒక పరీక్షలో రక్తపు చుక్కలు కనిపించి లేజరు చేయవలసి వచ్చింది. మొదటిసారి అజ్ఞానంతో స్కూటరు మీద వెళ్ళి, మధ్యాహ్నపు ఎండలో తిరిగి వస్తూ ఎదురుగా వచ్చే లారీ కూడా తెల్లని వెలుగులో కలిసిపోవడంతో రోడ్డు పక్కన ఆపి గంటన్నర చెట్టు కింద కూర్చున్నాను. ఇప్పుడు బస్సులో లేదా ఆటోలో వెళతాను, నల్లద్దాలూ అంచు టోపీ తీసుకువెళతాను, ఆ రోజు చెక్కు మీద సంతకం పెట్టను, మందుల చీటీ సొంతంగా చదివి మాత్ర వేసుకోను. ఇన్సులిన్ సిరంజిలో గీతలు కూడా దగ్గర చూపు మసకలో తప్పుగా కనిపిస్తాయి, ఆ పూట మా అబ్బాయి చేత తీయించుకుంటాను. చక్కెర ఉన్నవారికి కనుపాప త్వరగా విప్పారదు, రెండు మూడుసార్లు చుక్కలు వేసి గంటకు పైగా కూర్చోబెడతారు కాబట్టి తినడానికి ఏదైనా, వేళకు వేసుకోవలసిన మాత్రలు సంచిలో పెట్టుకోండి.

వరంగల్ ఫార్మసిస్టు (విశ్రాంత):

వీరు చెప్పిన దానికి కొన్ని కలుపుతాను. గుండెపోటు వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేనివారు చుక్కలకు ముందే చెప్పాలి. ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగించి రక్తపోటు పెంచగలదు, 10 శాతం రకంతో ఆ ముప్పు ఎక్కువ. అలాంటివారికి ట్రోపికమైడ్ ఒక్కటే వేసి పని కానివ్వవచ్చు. మానసిక కుంగుబాటుకు కొన్ని పాతకాలపు మాత్రలు వాడేవారూ ఆ చీటీ చూపించాలి. ప్రోస్టేటు వాపుకు టామ్సులోసిన్ వాడే పెద్దలు శుక్లాల ఆపరేషనుకు ముందు తప్పకుండా చెప్పాలి, ఆ మందు వాడినవారిలో కనుపాప సరిగా విప్పారక, ఆపరేషను మధ్యలో నల్లగుడ్డు ముడత జారి ఇబ్బంది పెడుతుంది. మాత్ర ముందుగా ఆపినంత మాత్రాన ఆ గుణం పోదు, కాబట్టి సొంతంగా ఆపవద్దు, చెప్పడమే ముఖ్యం. కంటి మీద పెట్టుకునే కాంటాక్ట్ లెన్సులు వాడేవారు చుక్కలకు ముందు వాటిని తీసేయాలి.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మా షాపుకు వచ్చే ఒకాయన, తండ్రికి కంటి లోపలి వాపుకు రాసిన అట్రోపిన్ సీసా మిగిలి ఉంటే, తన కన్ను ఎర్రబడిందని అదే వేసుకున్నాడు. మరునాడు ఒక కనుపాప పెద్దది, ఒకటి చిన్నది. పక్షవాతమని కంగారుపడి ఇంటివాళ్ళు అత్యవసర విభాగానికి తీసుకువెళితే తలకు స్కాను కూడా తీశారు. చుక్కల సంగతి అడిగితే గానీ ఆయన చెప్పలేదు. ఎర్ర కన్ను అంటే ఒకే జబ్బు కాదు, ఒకరి సీసా మరొకరి మందు కాదు. ఈ రకం మందులకు ఎర్ర మూత పెట్టే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది కానీ మన దగ్గర అన్ని కంపెనీలూ పాటించవు కాబట్టి మూత రంగును నమ్మకుండా పేరు చదవండి. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, నాలుగు వారాలు దాటితే పారేయండి.

కరీంనగర్ రైతుబిడ్డ:

మా నాన్నకు కోతల సమయంలో వరి ఆకు గీసుకుని నల్లగుడ్డు మీద పుండు పడింది. యాంటీబయాటిక్ చుక్కలతో పాటు రోజుకు మూడుసార్లు హోమట్రోపిన్ వేయమన్నారు. అది వేస్తే చూపు మరింత మసకబారుతోందని నాన్న రెండు రోజులకే ఆపేశారు. నొప్పి తిరగబెట్టి మళ్ళీ వెళ్ళాక తెలిసింది, ఆ మందు లోపలి కండరాల బిగువును సడలించి నొప్పి తగ్గిస్తుందని, నల్లగుడ్డు ముడత వెనుకనున్న కటకానికి అతుక్కుపోకుండా కాపాడుతుందని. పుండు మానాక మందు ఆపించారు, మసక రెండు మూడు రోజుల్లో పోయింది. కాబట్టి పరీక్షకే కాదు, చికిత్సగా రాసినప్పుడు మసకగా ఉందని సొంతంగా మానకండి.

వినాయకచవితి అనుభవం, అనంతపురం:

మందు వేసుకోకుండానే నాకు ఇది జరిగింది. చవితి పూజకు ఇరవై ఒక్క పత్రి సేకరిస్తూ ఉమ్మెత్త ఆకులు, కాయ కోసి, చేయి కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాను. గంటలో ఎడమ కనుపాప అద్దంలో నల్లని నాణెంలా కనిపించింది, దగ్గరి అక్షరాలు కలిసిపోయాయి. డాక్టరు గారు అన్నీ విని, ఉమ్మెత్త సంగతి తెలిశాక ఊరుకోమన్నారు. మూడో రోజుకు తగ్గింది. పూజ రోజు పిల్లలు పత్రి ముట్టుకుంటే వెంటనే చేతులు కడిగించండి.

కంటి పరీక్షకుడు, తిరుపతి:

ఉమ్మెత్తలో ఉండేది ఈ అట్రోపిన్ జాతి పదార్థమే, కనుక మీ డాక్టరు గారు సరిగా చెప్పారు. ఇలాంటి సందర్భాల్లో ఎవరికి చూపించినా చుక్కలు వేసినట్లు గానీ, ఆకు తాకినట్లు గానీ మొదటి మాటగా చెప్పండి. తలకు దెబ్బ తగిలినవారిని డాక్టర్లు కనుపాప చూసే అంచనా వేస్తారు, చుక్కల విషయం దాస్తే అంచనా తప్పుతుంది.

నవజాత శిశు విభాగం నర్సు:

నెలలు నిండక పుట్టిన బిడ్డల తల్లిదండ్రులకు ఒక మాట. మన దేశంలో 34 వారాల లోపు పుట్టిన, లేదా 2 కిలోల లోపు బరువున్న బిడ్డలకు పుట్టిన 30 రోజుల్లోపే కంటి వెనుక పొర పరీక్ష జరగాలి. వారికి పలుచన చేసిన చుక్కలు వేసి, పక్కకు కారినది వెంటనే తుడిచి, పరీక్షకు ముందు కాసేపు పాలు ఆపి, తరువాత ఊపిరి, గుండె, కడుపుబ్బరం గమనిస్తాము. చుక్కలకు భయపడి తేదీ దాటనివ్వకండి, ఆ పొర ఊడిపోతే చూపు తిరిగి రాదు.

సింగపూర్ తెలుగు తండ్రి:

మా అబ్బాయికి మైనస్ నంబరు పెరగకుండా రాత్రిపూట 0.01 శాతం అట్రోపిన్ వేస్తున్నాము. ఇక్కడి పరిశోధకులే 2012లో ఆ పలుచని మోతాదు ఫలితాలు ప్రకటించారు, తరువాత హాంకాంగ్‌లో 0.05 శాతం మరింత బాగా పనిచేసినట్లు తేలింది. ఊరి నుంచి బంధువులు, అదే మందు కదా అని 1 శాతం సీసాలో నీళ్ళు కలిపి వేయవచ్చా అని అడుగుతున్నారు. దయచేసి అలా చేయవద్దు. అది 0.01 శాతానికి నూరు రెట్లు, ఇంట్లో కలిపిన నీరు సూక్ష్మక్రిములు లేనిదీ కాదు.

నరసరావుపేట తల్లి:

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆయింట్‌మెంటు మూడు రోజులూ బియ్యపు గింజంతే పెట్టి, కంటి మూల నొక్కి పట్టుకున్నాను. ముఖం ఎర్రబడలేదు, ఒళ్ళు వేడెక్కలేదు. పరీక్షలో రెండు కళ్ళకూ ప్లస్ నాలుగు దగ్గర నంబరు వచ్చింది, అద్దాలు పెట్టుకున్నాక కన్ను లోపలికి తిరగడం బాగా తగ్గింది. బడిలో టీచరు గారికి ముందే చెప్పడంతో పది రోజులు రాత పని ఇవ్వలేదు, కిటికీకి దూరంగా కూర్చోబెట్టారు. పదకొండో రోజుకు కనుపాపలు మామూలయ్యాయి. ఇంట్లో ఆ చుక్కల సీసా ఇంకా ఉంది, దానిని ఏం చేయాలి?

వరంగల్ ఫార్మసిస్టు (విశ్రాంత):

చాలా సంతోషం అమ్మా. సీసాను అలాగే చెత్తబుట్టలో వేస్తే ఏ పిల్లవాడి చేతికైనా చిక్కుతుంది. లోపలి మందును వాడేసిన కాఫీ పొడిలోనో మట్టిలోనో పిండి, కవరులో కట్టి మూట వేయండి, సీసా మీది పేరు చించేసి విడిగా పారేయండి. ఆ పని అయ్యాక చేతులు కడుక్కునే వరకు కళ్ళు ముట్టుకోకండి.